ఇల్లుబండి లైట్లూ, కాటమయ్య గొంగడీ

ప్రొద్దుటూరు మైదుకూరు రోడ్డులో బండ్ల లైట్లు బాగుచేసే కాటమయ్యకు ఒకటే పిచ్చి. ఏ సంగతైనా సరే, ఎదురుగా పోయి కూర్చుని చూస్తే తప్ప నమ్మడు.

లైటు బిగించాక లోకంలో ఉండే మెకానిక్కులంతా డ్రైవరు సీట్లో కూర్చుని, స్విచ్చి వేసి, గోడ మీద వెలుగు చూసి చేతులు తుడుచుకుంటారు. కాటమయ్య అట్లా కాదు. బండి తెచ్చినవాణ్ణి సీట్లో కూర్చోబెట్టి, తను నాలుగు బారలు ముందుకు నడిచి, నల్ల గొంగడి కప్పుకుని రోడ్డు మధ్యలో గొంతుక్కూర్చుంటాడు. "ఇప్పుడెయ్యప్పా!" అని అరుస్తాడు. వెలుగు కంట్లో పడితే "దించాల!" అంటాడు. మళ్ళీ లేస్తాడు, స్క్రూ తిప్పుతాడు, మళ్ళీ పోయి కూర్చుంటాడు. ఆ కూర్చున్న ఎత్తుకు ఆయన పెట్టిన పేరు గొర్రె ఎత్తు.

"బండి నడిపేది నేను గదా, నువ్వు పోయి ఆడ కూర్చుంటే ఏం తెలుస్తాది?" అని ఎవరైనా విసుక్కుంటే ఒకటే జవాబు.

"లైటు ఏసేటోనికేం, బాగానే ఉంటాది. ఎవరి మొగాన పడతాదో వాన్ని అడగాల."

"గొర్రెలొచ్చి చెప్తాయా నీకు?"

"మనుషులైతే తిడతారప్పా. గొర్రె తిట్టలేదు గదా. అందుకే నేను పోయి కూర్చుంటాండా."

కాటమయ్య వాళ్ళది తరతరాలుగా గొర్రెలు మేపిన ఇల్లు. రైతుల చేలల్లో ఎరువు కోసం మందను నిలుపుతూ, ముద్దనూరు నుంచి పులివెందుల దాకా రోడ్ల వెంబడి తిరిగిన కుటుంబం. లారీ లైటు కంట్లో పడిన గొర్రె పక్కకు తప్పుకోదు, నిలబడిన చోటే కొయ్యబారిపోతుంది. అది చిన్నతనంలో చూసినవాడు గనక లైట్ల దగ్గర ఆ పట్టుదల ఉందంటే అర్థం చేసుకోవచ్చు. కానీ పిచ్చి లైట్ల దగ్గరే ఆగితే దాన్ని పిచ్చి అనరు.

మేనల్లుడి పెళ్ళిచూపులకు పోయి, ఆడపిల్ల వాళ్ళ చాప మీద, పిల్ల తండ్రి పక్కన కూర్చున్నాడు. అక్కణ్ణించి తన మేనల్లుణ్ణే ఎగాదిగా చూసి, "నాయినా, సంగటి వండను వచ్చునా నీకు?" అని అడిగాడు. ఆ పక్క ఒక పార్టీకి పెద్ద అయిన చౌడారెడ్డి మీటింగుకు పోతే జనంలో కూర్చోకుండా స్టేజీ ఎక్కి, మైకు వెనక నిలబడి జనాన్ని చూశాడు. నాయకుడు ఊపు మీద ఉండగా చెవి దగ్గరికి వంగి, "రెడ్డీ, ముందు వరసంతా నిద్రపోతాండారు, ముగించెయ్" అని చెప్పి దిగిపోయాడు.

ఇక పెళ్ళయిన కొత్తలో స్టూడియోకు పోయి తీయించుకున్న ఫోటో సంగతి ప్రొద్దుటూరంతా తెలుసు. ఫోటో తీసేవాడు "రెడీ" అన్నాడు. కాటమయ్యకు తాము ఎట్లా కనబడుతున్నామో అని అనుమానం వచ్చింది. చటుక్కున లేచి కెమెరా పక్కకు పోయాడు. వాడు నొక్కనే నొక్కాడు. ఆ ఫోటో ఇప్పటికీ గోడ మీద ఉంది. పట్టుచీరలో నాగులమ్మ, పక్కన ఖాళీ కుర్చీ. "మా ఆయన" అని ఆ కుర్చీని చుట్టాలకు చూపిస్తుంది ఆమె.

ఇట్లాంటి మనిషి చేతిలో తన బతుకు పడుతుందని డ్రైవరు కృపావరం కలలో కూడా అనుకోలేదు.

కృపావరం చౌడారెడ్డి ఇల్లుబండి నడుపుతాడు. ఒక పాత బస్సును కొని, సీట్లు పీకేసి, లోపల మంచం, గ్యాసు పొయ్యి, అద్దం, నీళ్ళ తొట్టి, తెర కట్టిన స్నానాల మూల, పైకెక్కి ప్రసంగం చేయడానికి ఇనుప మెట్లు, అన్నీ పెట్టించాడు చౌడారెడ్డి. ఎన్నికలొస్తే నెల రోజులు ఆయన తిండీ నిద్రా అందులోనే. అప్పటి రోజులు అట్లాంటివి. ఊరూరూ రెండుగా చీలి ఉండేది. చౌడారెడ్డి మనుషులు టీ తాగిన అంగట్లో అవతలి పార్టీ ఎర్రమరెడ్డి మనుషులు మంచినీళ్ళు కూడా తాగరు. బస్సులో పక్కపక్కన సీటు దొరికితే ఒకడు నిలబడి పోతాడు. పెళ్ళిపత్రిక చూస్తే చాలు, ఏ ఇల్లు ఎవరిదో తెలిసిపోయేది.

ఆ ఇల్లుబండికి ఒకటే రోగం. పొద్దు వాలిందంటే రోడ్డు కనబడదు.

"లైట్లు డల్లుగా ఉండాయన్నా" అన్నాడు కృపావరం. చౌడారెడ్డి వెంటనే పెద్ద బల్బులు వేయించాడు. అయినా కనబడలేదు. కడప నుంచి కొత్త డూములు, అంటే అద్దమూ వెనకాల మెరిసే గిన్నే కలిసి ఉండేవి, తెప్పించి బిగించారు. ఊహూఁ. బంపరు మీద ఇంకో రెండు, నెత్తిన ఇంకో రెండు పెట్టారు. మొత్తం కలిసి బండి పెళ్ళి ఊరేగింపులాగా తయారైంది. ఎదురొచ్చే బస్సుల వాళ్ళు రోడ్డు దిగి, కండ్లు మూసుకుని, దేవుళ్ళకు మొక్కుకునేవాళ్ళు. లోపల స్టీరింగు పట్టుకున్న కృపావరానికి మాత్రం అంతా మసకే.

కృపావరానికి లోలోపల ఒక అనుమానం లేకపోలేదు. ఏడాది నుంచి చర్చి గోడ మీద రాసే పాట నంబరు అతనికి కనబడడం లేదు. పక్కవాళ్ళు అందుకున్నాక కలుపుతున్నాడు. "ఒకసారి కండ్లు చూపిచ్చుకోరాదా?" అని భార్య ఎలిజబెత్ అంటే కసిరాడు. కళ్ళజోడంటే ఆ పక్క ఊళ్ళల్లో పాస్టరు పెట్టుకుంటాడు, బడి అయ్యవారు పెట్టుకుంటాడు. కళ్ళజోడు డ్రైవరును ఏ రెడ్డి పెట్టుకుంటాడు? అందుకని లైట్లనే తిట్టుకుంటూ వచ్చాడు. తిట్టి తిట్టి, లైట్లదే తప్పని నమ్మకం కూడా కుదిరింది.

ఆ నమ్మకం ఒక సాయంత్రం మీసం మీదికి వచ్చింది.

జమ్మలమడుగులో మీటింగు ముగించుకుని ముద్దనూరు వైపు పోతున్నారు. అప్పుడే మసక పడుతోంది. చౌడారెడ్డి లోపల అద్దం ముందు నిలబడి, మంగలికత్తితో మీసం సవరించుకుంటున్నాడు. ఆయన మీసం మామూలు మీసం కాదు. రెండు మండలాల రాజకీయం దాని మీదే నడుస్తోంది. రోడ్డు పక్కన రైతులు వేసిన చెనిక్కాయ కట్టె వామిని, అంటే వేరుశెనగ చొప్ప కుప్పను, కృపావరం రోడ్డు మలుపనుకున్నాడు. బండి నేరుగా పోయి వామిలో దూరింది. మెత్తటి వామి గనక ఎవరికీ గాయం కాలేదు. లోపల్నించి మాత్రం ఒక కేక వినబడింది. అందరూ పరుగెత్తి చూస్తే చౌడారెడ్డికి కుడి మీసం ఉంది, ఎడమ మీసం తొట్టిలో తేలుతోంది.

"ఎర్రమరెడ్డి మనుషులే లైట్లు చెడిపినారు!" అని ఒకడు అరిచాడు.

"వాళ్ళు గాక ఇంకెవరన్నా? రెడ్డన్న మీసం మీద దెబ్బ కొట్టినారు!" అని ఇంకొకడు.

ఆ మాట ఊళ్ళోకి పోయేసరికి రెండు వైపులా కట్టెలు బయటికి వచ్చాయి. మరుసటి సాయంత్రం చౌడారెడ్డి మూతికి తువ్వాలు చుట్టుకుని, బండిని కాటమయ్య అంగడికి తోలించాడు.

"కాటమయ్యా, నువ్వు ఏ పార్టీవాడివీ కాదు. ఈ లైట్లు ఎవరు చెడిపినారో నువ్వే చెప్పాల. శుక్రవారం పొద్దుగూకే టయానికి వస్తాను. వాళ్ళ పనైతే వాళ్ళ సంగతి చూస్తాం. వాళ్ళది కాకపోతే..." అని కృపావరం వైపు చూశాడు. "నా బండిని వామిలోకి తోలను వీనికి ఎవరు దుడ్లిచ్చినారో అడుగుతాం."

కృపావరం లెక్క వేసుకున్నాడు. లైట్లు చెడిపారని తేలితే అవతలి వాళ్ళ తలలు పగులుతాయి. లైట్లు బాగున్నాయని తేలితే తన తల. మూడో దారి ఎక్కడా కనబడలేదు. అసలు అతనికి రోడ్డు మీద ఉన్న దారులే కనబడడం లేదు.

రెడ్డి అట్లా పోగానే కాటమయ్య గొంగడి తీశాడు.

"సీట్లో కూర్చోప్పా. లైటెయ్."

దీపాలు పెట్టే వేళ. కాటమయ్య నాలుగు బారలు పోయి గొంతుక్కూర్చున్నాడు. ఆరు లైట్ల వెలుగు మొహాన పడితే తెగులు పట్టిన కోడిలాగా కండ్లు మూసుకుని, చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఎదురుగా కూర్చున్నవాడు లైటు చూస్తున్నాడని అందరూ అనుకుంటారు గానీ, కాటమయ్య ఆ పూట వేళ్ళ సందుల్లోంచి చూసింది డ్రైవరు మొహాన్ని. కండ్లు చికిలించి, మెడ ముందుకు చాచి, స్టీరింగు మీద పడిపోయి ఉన్నాడు కృపావరం.

కాటమయ్య చెయ్యి పైకెత్తాడు. "కృపావరం, నా చేతిలో ఏముండాది?"

"తువ్వాలు గదప్పా."

అది కాలి చెప్పు.

"ఇప్పుడు?"

"స్పానరు."

అది అరటిపండు. కాటమయ్య దాన్ని ఒలుచుకుని తిన్నాడు.

ఇంతలో నాగులమ్మ టీ గ్లాసులు పట్టుకుని వచ్చి మొగుడి పక్కన నిలబడింది.

"నా పక్కన ఏముండాదప్పా?"

కృపావరం బాగా చూసి, ధైర్యంగా చెప్పాడు. "కరంటు స్తంభం."

"ఎవరు స్తంభం?" అని నాగులమ్మ గ్లాసులు కింద పెట్టి కొంగు బిగించింది. "నేను స్తంభం లాగా ఉండానా నీ కండ్లకు? నీ కండ్లు..."

"నాగులూ, ఊరుకో!" అని కాటమయ్య ఒక్క అరుపు అరిచాడు. "ఆయప్పది గాదు తప్పు. లైటుది. పో, ఇంకో గ్లాసు టీ తే."

నాగులమ్మ ఆశ్చర్యపోయింది. కాటమయ్య ఆమె మీద అరవడం అదే మొదలు. ఆయన లైటును తిట్టడం కూడా అదే మొదలు. రెండూ ఒక్కసారే జరిగేసరికి బిగించిన కొంగు వదిలేసి లోపలికి పోయింది.

పొద్దున్నే కాటమయ్య తలకు రుమాలు చుట్టుకుని తయారయ్యాడు. "జమ్మలమడుగు పోయొస్తాం పా. లైట్లకు సామాను ఆడ దొరుకుతాది."

"ప్రొద్దుటూరులో దొరకని సామాను జమ్మలమడుగులో యాడుందప్పా?"

"ఉండాది, రా."

బస్సు దిగి ఇద్దరూ సామానుకు పోతే, అది కంటి ఆస్పత్రి అయింది. గేటు దగ్గర బోర్డు కనబడలేదు గానీ మందుల వాసనకు కృపావరం గుర్తు పట్టాడు. వెనక్కి తిరగబోతే కాటమయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"విడువప్పా! నా ఉద్యోగం పోగొట్టను తెచ్చినావా ఈడికి?" కృపావరం చెయ్యి గుంజుకోబోయాడు. "కళ్ళజోడు చూస్తే రెడ్డన్న నన్ను బండి ఎక్కనిస్తాడా? ఇద్దరు పిల్లోళ్ళు. ఈ పని తప్ప నాకేం రాదు."

కాటమయ్య చెయ్యి వదల్లేదు. "ఆ పొద్దు నీ ముందర ఉండింది వామి. రేపు ఆ తావన మందను తోలుకుంటా ఎవరి పిల్లోడైనా నిలబడి ఉంటే?"

కృపావరం గుంజుకోవడం మానేశాడు. ఆ ఒక్క మాటకు ఏడాది నుంచి దాచుకున్న భయమంతా మొహంలోకి వచ్చేసింది. మెల్లగా తల ఊపి లోపలికి నడిచాడు.

"ఉద్యోగం సంగతి నాకు విడిచిపెట్టు" అన్నాడు వెనక నుంచి కాటమయ్య.

లోపల నర్సు నరసమ్మ గోడకు తగిలించిన అక్షరాల అట్ట చూపించి చదవమంది. కాటమయ్య చక్కా పోయి ఆ అట్ట పక్కన, కృపావరానికి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏమయ్యా, చూపు లేంది నీకా, ఆయనకా?"

"ఆయనకే తల్లీ."

"మరి నువ్వు ఆడెందుకుండావు?"

"ఆయన ఎట్ల చూస్తాండాడో చూస్తాండా."

"ఇట్లాంటి రోగానికి ఈడ మందు లేదు. పక్కకు జరుగు" అంది నరసమ్మ.

శుక్రవారం పొద్దు వాలే వేళకు చౌడారెడ్డి వచ్చాడు. రెండో మీసం కూడా తీసేసి ఉన్నాడు. మీసం లేని ఆ మొహం చూసి నవ్వినవాడు ప్రొద్దుటూరులో బతకడు గనక అందరూ నేల చూపులు చూస్తున్నారు. వెనకాల రెండు జీపుల మనుషులు. జీపుల్లో కట్టెలు.

"చెప్పు కాటమయ్యా. ఎవరు?"

"ఎవరూ కాదు రెడ్డీ. నీ పవరే."

"నా పవరా?"

"ఆరు లైట్లు ఏపిచ్చినావు. అంత పవరు ఈ జిల్లాలో ఏ బండికీ లేదు. ఆ వెలుగు యాడ పోతాది? దుమ్ముకు తగిలి మళ్ళీ వచ్చి నడిపేటోని కంట్లోనే కొడతాండాది. ఎర్రమరెడ్డికి తెల్దు, కృపావరానికి తెల్దు. ఏసినోళ్ళు చెప్పాల్సింది, చెప్పల్యా. ఈ రకం లైట్లకు డ్రైవరు అద్దాలు పెట్టుకోవాల."

"అద్దాలా?"

"లైట్లతో పాటే రావాల అయి. జమ్మలమడుగు పోయి తెచ్చినా. కృపావరం, పెట్టుకోప్పా."

కృపావరం జేబులోంచి తీసి కళ్ళజోడు పెట్టుకున్నాడు. జీపుల వాళ్ళు మెడలు చాచి చూశారు. చౌడారెడ్డి ఆ కళ్ళజోడును చాలాసేపు పరీక్షగా చూశాడు.

"ఇట్లాంటియి ఎర్రమరెడ్డి డ్రైవరుకు ఉండాయా?"

"ఆయప్ప లైట్లకు అంత పవరు యాడిది రెడ్డీ?"

చౌడారెడ్డి చెయ్యి మీసం దువ్వబోయి, అక్కడ మీసం లేదని గుర్తొచ్చి గడ్డం దువ్వుకుంది. "మరి లైటెయ్యి, చూస్తాం."

కాటమయ్య గొంగడి కప్పుకుని పోయి కూర్చున్నాడు. కృపావరం స్విచ్చి వేశాడు. వాళ్ళిద్దరికీ తప్ప ఎవరికీ తెలియని సంగతి ఒకటి ఉంది. పొద్దున్నే కాటమయ్య నాలుగు లైట్ల వైర్లు పీకేశాడు. మిగిలిన రెండింటిలో, బస్సుతో పాటు వచ్చిన పాత బల్బులే పెట్టి, కిందికి దించాడు. అందరి కండ్లూ కళ్ళజోడు మీదే ఉండేసరికి నాలుగు వెలగని సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

"ఏం కనపడతాండాదప్పా?"

కృపావరం చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. తర్వాత ఆనకట్ట తెగినట్టు మొదలుపెట్టాడు. "గొంగడికి కింద అంచు చినిగింది. నీ చేతిలో అరటిపండు, సగం తిన్నావు. నోట్లో పైన రెండు పండ్లు ల్యావు నీకు, ఇన్నాళ్ళూ నాకు తెలవనే తెలవదు. నీ వెనకాల నాగులమ్మక్క. కొంగు నోటికడ్డం పెట్టుకోని నవ్వుతాండాది. అక్కా, ఆ పొద్దు తప్పయిపాయె. స్తంభం యాడ, నువ్వు యాడ!"

"అబ్బా, ఏం పవరన్నా!" అన్నారు జీపుల వాళ్ళు.

"ఇంకొక్క పని ఉండాది" అని కాటమయ్య లేచి, గొంగడి తీసి చౌడారెడ్డికి అందించాడు. "నువ్వొచ్చి ఈడ కూర్చో రెడ్డీ."

జనం కొయ్యబారిపోయారు. చౌడారెడ్డిని నేల మీద కూర్చోమన్నవాడు అంతదాకా పుట్టలేదు. అయినా తన పవరు తను చూసుకోవాలని ఎవరికుండదు? ఆయన గొంగడి కప్పుకుని గొర్రె ఎత్తున గొంతుక్కూర్చున్నాడు.

"ఏందయ్యా, నా కంటికి కొట్టనే కొట్టదే?"

"కొట్టగూడదు రెడ్డీ. రేపు నీ బండి ఊళ్ళోకి వస్తే ఓట్లేసేటోళ్ళంతా ఈ తావనే గదా నిలబడేది. కండ్లు మూసుకున్నోనికి నీ గుర్తు ఎట్ల కనపడతాది?"

చౌడారెడ్డి కూర్చున్నచోటి నుంచే చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. ముందు వరస నిద్రపోయిన మీటింగు గుర్తొచ్చిందో ఏమో, లేచి గొంగడి దులిపి ఇచ్చాడు. "ఇట్లనే ఉండనీ" అన్నాడు. జీపుల వాళ్ళతో "కట్టెలు యాడనుంచి తెచ్చినారో ఆడ పడేయండ్రా" అన్నాడు.

ఆ వారంలోనే చౌడారెడ్డి మనుషులు పులివెందుల చీనీకాయల తోటల దాకా చాటేశారు. మా బండి లైట్లకు డ్రైవరే అద్దాలు పెట్టుకోవాల, అంత పవరు! విన్న ఎర్రమరెడ్డికి నిద్ర పట్టలేదు. మూడో రోజు ఆయన డ్రైవరు కాటమయ్య అంగడి ముందు నిలబడ్డాడు.

"మాకు గూడా అట్లాంటి లైట్లు కావాల. అద్దాలతో సహా."

"దానికేం అప్పా. పొద్దున్నే జమ్మలమడుగు పోవాల, సామానుకు" అన్నాడు కాటమయ్య.

ఆ డ్రైవరు కండ్లు గద్ద కండ్లు, వట్టి అద్దాలు పెట్టించి పంపాల్సి వచ్చింది. కానీ వాళ్ళను చూసి జీపుల వాళ్ళు, లారీల వాళ్ళు, చివరికి బస్సుల వాళ్ళు వరస కట్టారు. వాళ్ళల్లో నిజంగా చూపు తగ్గినవాళ్ళు ఎందరో తేలారు. ఒకే అంగట్లో టీ తాగని రెండు పార్టీల డ్రైవర్లు, ఆస్పత్రి బెంచీ మీద పక్కపక్కన కూర్చుని, ఒకే పొట్లంలో బొరుగులు తిన్నారు. అక్షరాల అట్ట పక్కన మాత్రం ఎప్పుడూ ఒకడే నిలబడి ఉండేవాడు. నరసమ్మ విసిగిపోయి ఆయనకు అక్కడే ఒక స్టూలు వేయించింది.

ఎన్నికలు ముగిశాక ఎలిజబెత్ ఫోటో తీయించుకుందామంది. కళ్ళజోడుతో మొగుడు పెద్ద ఆఫీసరు లాగా ఉన్నాడని ఆమె మురిపెం. కృపావరం, కాటమయ్యనూ నాగులమ్మనూ కూడా వెంటబెట్టుకుని స్టూడియోకు పోయాడు. తమ ఫోటో అయ్యాక వాళ్ళిద్దరినీ కుర్చీల్లో కూర్చోబెట్టాడు.

ఫోటో తీసేవాడు "రెడీ" అన్నాడు. కాటమయ్య లేవబోయాడు.

"కూర్చోప్పా!" కెమెరా పక్కన నిలబడి ఉన్న కృపావరం అరిచాడు. కళ్ళజోడు సరిచేసుకుని, ఆ ముసలి మొహాన్ని తృప్తిగా చూశాడు. "నువ్వెట్లుండావో ఈణ్ణించి నేను చూస్తాండా గదా. శానా బాగుండావు."

కాటమయ్య నాగులమ్మ వైపు ఒకసారి చూశాడు. బుద్ధిగా కూర్చున్నాడు. ఫ్లాషు మెరిసింది.

ఖాళీ కుర్చీ ఫోటో పక్కన ఇప్పుడు ఇంకో ఫోటో ఉంది. అందులో నాగులమ్మ పళ్ళన్నీ కనబడేటట్టు నవ్వుతోంది. పక్క కుర్చీలో కాటమయ్య రెండు కండ్లూ గట్టిగా మూసుకుని, నోరు తెరిచి, ఫోటో తీసేవాడి మీదికి చెయ్యెత్తి ఉన్నాడు. ఆ నిమిషంలో ఆయన ఏమంటున్నాడో ప్రొద్దుటూరులో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

"దించాల!"